ఎండలో వేసిన అతుకు

పోయినవారం నేను పెన్ను మూత తీసి సంతకం పెట్టబోతూ ఉండగా ఆగాం. మధ్యలో వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను.

నరసన్నపేట దగ్గర హైవే దిగి సముద్రం వైపు పోతే గెడ్డరేవు వస్తుంది. అక్కడివాళ్లు మామూలు రోజుల్లో చేపలు ఎండబెట్టుకోడానికీ, తుపాను రోజుల్లో పిల్లాజెల్లాతో తలదాచుకోడానికీ ఒక ఇనప షెడ్డు కడుతున్నాం. సముద్రం వైపు ఆరు స్తంభాలు, ఊరి వైపు ఆరు. స్తంభమూ దూలమూ కలిసేచోట ముక్కోణంగా ఒక ఇనప ముక్క ఉంటుంది. ఇంజినీర్లు దాన్ని హాంచ్ అంటారు, మేం మోచెయ్యి అంటాం. కప్పు బరువూ గాలి తోపుడూ అంతా వచ్చి పడేది ఆ మోచేతి మీదే. డిజైను చేసినవాళ్లు వాటిని బొబ్బిలి వర్కుషాపులోనే స్తంభాలకి వెల్డింగ్ చేసి పంపమన్నారు. అలా అతికిస్తే లారీలో రెండు స్తంభాలే పడతాయి, విడిగా పడుకోబెడితే ఆరు పడతాయి. అందుకని మా ఓనరు తిరుమలరావు విడివిడిగా తోలించేశాడు. నిలబెట్టేసిన స్తంభాల మీద, నడుముకి తాడు కట్టుకుని వేలాడుతూ పన్నెండు మోచేతులూ నేనే అతికాను. ఇప్పుడు అన్నీ ఆ షాపులోనే వేసినట్టు రాసిన రికార్డు నా ముందు పెట్టి, "పెట్టీరా బావా సంతకం" అన్నాడు.

పెన్ను మూత తీశానో లేదో, చెకింగు చేసే కంపెనీ కారు వచ్చి ఇసకలో ఆగింది.

దిగింది ఒక ఆడపిల్ల. పాతికేళ్లుంటాయి. నెత్తి మీద తెల్ల టోపీ, భుజానికి సంచీ. పేరు దుర్గాభవాని, ఊరు రాజాం అని తనే చెప్పింది. తిరుమలరావు గబగబా కాగితం మడిచి నా చేతిలోంచి లాక్కున్నాడు. కొబ్బరిబోండం తెమ్మని ఎవర్నో కేకేశాడు. కారులో వచ్చినవాళ్లని చూస్తే మా బావకి వెన్నెముక మెత్తబడిపోతుంది. వైజాగ్‌లో ఇద్దరం ఒకే షెడ్డులో పని నేర్చుకున్నాం, ఒకే సిమెంటు బస్తాల మీద పడుకున్నాం. వాడు ఓనరయ్యాడు. నేను నలభై తొమ్మిదేళ్లకి తాడుకి వేలాడుతున్నాను. ఏడో తరగతి మధ్యలో పలక పడేసినవాడికి ఇంతకంటే ఏం వస్తుందిలే అని మా తాయారు అంటుంది. అది నా పెళ్లాం. నన్ను ఓదార్చడానికే అంటుంది, కాని ఒంటికి కారం రాసినట్టుంటుంది.

ఆ పిల్ల బోండం తాగలేదు. సంచీలోంచి డ్రాయింగు తీసి రేకు డ్రమ్ము మీద పరిచింది. నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. ఒకసారి డ్రాయింగు చూసింది, ఒకసారి పైకి చూసింది. తర్వాత రంగు వేసేవాళ్లు కట్టుకున్న పరంజా ఎక్కేసింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది, అది మాత్రం ఒప్పుకోవాలి.

పైనుంచి కేక వేసింది. "బాబాయ్, ఒకసారి పైకొస్తారా?"

ఎక్కాను. మోచేతి దగ్గర ఎర్రరంగు మీద వేలు పెట్టి గీకింది. పైన కొత్త రంగు లేచిపోయి, కింద మాడిపోయిన నల్ల మచ్చ బయటపడింది.

"షాపులో వెల్డింగ్ అయ్యాక కదా రంగు వేస్తారు? ఇక్కడ రంగు వేశాక వెల్డింగ్ జరిగింది. మాడిపోయింది. మాడిందాని మీద మళ్లీ బ్రష్షు తిప్పేరు."

నేను ఆ మచ్చని బొటనవేలితో తుడిచాను.

"డ్రాయింగులో ఈ అతుకు గుర్తు పక్కన జెండా లేదు బాబాయ్. సైటులో వెయ్యాల్సిన వెల్డు అయితే చిన్న జెండా బొమ్మ వేస్తారు. మీకు తెలియంది కాదు."

"తెలుసమ్మా. జెండాలూ జాతర్లూ అన్నీ తెలుసు. అయితే ఇప్పుడేటంటావు?"

"ఇది ఎక్కడ వేశారంటాను."

కింద తిరుమలరావు మెడ పైకెత్తి చూస్తున్నాడు. కనుబొమ్మలతో ఏదో చెబుతున్నాడు. వాడి కనుబొమ్మల భాష నాకు ముప్పై ఏళ్లుగా తెలుసు. ఆ రోజు ఎందుకో చదవబుద్ధి కాలేదు. "ఇక్కడే ఏసినాను," అన్నాను. "పన్నెండూ ఇక్కడే. నానే ఏసినాను. నా నంబరు ఇనుము మీద పంచ్ కొట్టి ఉన్నాది సూడు, పంతొమ్మిది. ఏటి, బాగోనేదా?"

"బాగుంది. కాని చాలదు."

బాగుందంటుంది, చాలదంటుంది. పాతికేళ్లుగా నా అతుకు చాలదన్నవాడు లేడు. నాకు నెత్తురు చెవుల్లోకెక్కింది.

ముగ్గురం డ్రమ్ము దగ్గరికి చేరాం. ఆ పిల్ల ఫోనులో ఏదో పేజీ తెరిచి, చదవకుండా నోటితోనే చెప్పింది. అది నయం. నాకు పుస్తకం చూపిస్తే ఒళ్లు మండుతుంది.

"బాబాయ్, మీ వెల్డు నిజంగా వంద బరువు మోస్తాదనుకోండి. పుస్తకం ఆ వందనీ నమ్మదు. ఎక్కడో పొరపాటు ఉంటాదని కొంత తగ్గించి లెక్క వేస్తాది. మన దేశం కోడు పుస్తకం ప్రకారం షాపులో వేసిన వెల్డయితే ఒకటింపావుతో భాగిస్తారు. ఎనభై వస్తాది. సైటులో వేసిందయితే ఒకటిన్నరతో భాగిస్తారు. అరవై ఆరు."

"ఆగమ్మా, ఆగు. నాను బొబ్బిల్లో ఫ్యాను కింద కూకుని ఏస్తే ఎనభై. ఇక్కడ ఎండలో తాడుకి ఏలాడి ఏస్తే అరవయ్యారా?"

"అవును."

"అదే సెయ్యి. అదే రాడ్డు. అదే మనిషి."

"అవును బాబాయ్."

"ఎవుడు రాసినాడు ఆ పుస్తకం? ఆడెప్పుడైనా తాడుకి ఏలాడినాడా?"

ఆ పిల్ల నవ్వలేదు, జడవలేదు. "వేలాడినోడెవడో పక్కనుండి చెప్పే ఉంటాడు. లేకపోతే కుర్చీలో కూచున్నోడికి ఆ తేడా ఎలా తెలుస్తాది?"

జవాబు లేనప్పుడు నాకు కోపం ఇంకా ఎక్కువవుతుంది, అది నా జబ్బు. నీడలో పనిచేసినవాడికి ఎక్కువ మార్కులు, ఎండలో పనిచేసినవాడికి తక్కువ మార్కులు. లోకమంతా అంతే కదా, ఇనుము ఒక్కటైనా నా పక్షాన ఉందనుకున్నాను. దాని మీద కూడా పుస్తకం రాసేశారు.

తిరుమలరావు ముఖం మాత్రం వెలిగింది. "మేడమ్, దానికే కదండీ నేను ముందే మెయిలు తెప్పించాను" అని ఫోను ముందుకు చాపాడు. ఈ షెడ్డుకి డబ్బిచ్చేది బయటి దేశం సంస్థ. డిజైను వేసిందీ ఆ దేశం కన్సల్టెంటే. "చూడండి. వాళ్ల యూరప్ కోడులో షాపూ సైటూ అని తేడానే లేదంట. రెండూ ఒకటింపావే. అమెరికా వాళ్లూ అలగే చూస్తారంట. పెద్ద పెద్ద దేశాలే ఒప్పుకున్నాక మనకేటండీ?"

నాకా క్షణంలో యూరప్ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "చూసినావా అమ్మా," అన్నాను. "ఆ దేశంలో మనిషిని మనిషిలాగ చూస్తారు."

"ఆ దేశంలో సైటు వెల్డు వేసేటప్పుడు పక్కన ఇన్‌స్పెక్టరుంటాడు బాబాయ్. గాలి తగలకుండా గుడారం కడతారు. ముక్కలు రెండూ సరిగ్గా ఆనాయా లేదా అని ముందే కొలుస్తారు. ఆ లెక్క అంతా నమ్మకం మీద నిలబడి ఉన్నాది. మీకిక్కడ గుడారం కట్టేరా?"

తిరుమలరావు సముద్రం వైపు చూశాడు.

"ఇంకోటి సార్. గాలి ఎంత వేగంగా కొడతాదో, ఆ లెక్క ఈ కన్సల్టెంటు మన కోడులోంచి తీసుకున్నారు. బరువులు ఎంత పెంచి చూడాలో కూడా మన కోడులోంచే. వెల్డు బలం దగ్గరికొచ్చేసరికి వాళ్ల కోడు. అనుమతి పత్రంలో మాత్రం మొత్తం మన కోడే అని రాసుంది. కొలిచి తెచ్చుకునేటప్పుడు ఒక కుంచం, కొలిచి ఇచ్చేటప్పుడు ఇంకో కుంచం అయితే ఎలా సార్? ఏ పుస్తకమైనా మంచిదే. మొదట్నించి చివరిదాకా ఒక్కటే పట్టుకోవాలి."

కుంచం మాట వినగానే తిరుమలరావు చెవులు ఎర్రబడ్డాయి. వాళ్ల నాన్న రాజాంలో ధాన్యం కొనేవాడు. ఆయన కుంచం గురించి ఊళ్లో ఏమనుకునేవారో ఈ పిల్లకి తెలిసుండదు. తెలిసినా అంత చల్లగా అనగలదేమో.

"అయితే ఇప్పుడు పీకీమంటారా అన్నీ?" అన్నాడు.

"పీకక్కర్లేదు. ఇప్పుడున్నది ఎనిమిది మిల్లీమీటర్ల వెల్డు. ఒకటిన్నరని ఒకటింపావుతో భాగిస్తే ఒకటీ పాయింటు రెండు, ఎనిమిదిని దాంతో గుణిస్తే తొమ్మిదీ పాయింటు ఆరు. పది చేసేద్దాం. శుభ్రంగా రుద్ది, పన్నెండింటి మీదా ఇంకో వరస వెయ్యండి. రెండు రోజుల పని. రికార్డులో షాపు కొట్టేసి సైటు అని నిజం రాయండి. ముందు పాత వెల్డు అన్నిచోట్లా ఎనిమిది ఉందో లేదో కొలుస్తాను. ఉంటే ఇక్కడే సంతకం పెట్టేస్తాను."

ఎవరైనా ఇంతకంటే న్యాయంగా ఏం మాట్లాడతారు? తిరుమలరావు గుండెల నిండా గాలి పీల్చాడు. నా వైపు తిరిగి చిన్నగా, "బతికిపోనాం బావా" అన్నాడు.

నేను బతికిపోలేదు. ఎందుకో చెబుతాను. ఈ సంగతి తాయారుకి కూడా చెప్పలేదు.

సముద్రం వైపు నాలుగో స్తంభం. ఆ రోజు క్రేను వాడికి ఇంకో చోట పనుంది, పావుగంటకోసారి హారను కొడుతున్నాడు. మోచెయ్యిని చైన్‌పుల్లీతో లేపి స్తంభానికి ఆనిస్తే ఆనలేదు. దాని అంచు గ్యాసుతో కోసినప్పుడు వంకర పోయింది. కింద ఆనితే పైన సందు, పైన ఆనితే కింద సందు. నాలుగు మిల్లీమీటర్లు. దింపి, అంచు రుద్ది, మళ్లీ లేపాలి. గంటన్నర పని. తిరుమలరావు ఫోనులో, "ఏటి బావా, ఒక్కదానికి ఇంతసేపా? ముసిలోడివైపోనావా?" అన్నాడు.

ఆ మాటకి నాకు తిక్కరేగింది. ఒక వెల్డింగ్ రాడ్డు తీసుకుని, పైనున్న మందు సుత్తితో రాల్చి, లోపలి తీగని ఆ సందులోకి దూర్చేశాను. మీద వెల్డు పోసేశాను. పైకి చూస్తే పెళ్లికూతురి వడ్డాణంలా ఉంది. లోపల తీగ దేనికీ అంటుకోకుండా, సంచీలో అగరొత్తిలా పడి ఉంటుంది. అక్కడ ఎనిమిది మిల్లీమీటర్లు లేవు. సగం ఉందో లేదో నాకే తెలియదు. తిరుమలరావు చెయ్యమనలేదు. ఎవరూ చెయ్యమనలేదు. చెయ్యకూడదని ఎంతోమంది కుర్రాళ్లని తిట్టిన చెయ్యే అది. దాని పక్కన పంతొమ్మిది అని పంచ్ కూడా కొట్టింది.

మిగతా పదకొండూ మచ్చలేనివి. ఆ మాట దేవుడి ముందైనా అంటాను. కాని పుస్తకం రాసినవాడు ఆ నాలుగోదాన్ని చూసే రాసినట్టున్నాడు.

పిల్ల కొలత రేకు పట్టుకుని మళ్లీ ఎక్కింది. నేను వెనకాల. ఊరి వైపు ఆరూ అయ్యాయి. ఎనిమిది, ఎనిమిది, ఎనిమిదిన్నర. సముద్రం వైపు ఒకటి, రెండు, మూడు. నాలుగో దాని దగ్గరికి వచ్చేసరికి నా అరచేతులు పరంజా గొట్టానికి అంటుకుపోయాయి.

కొలత రేకు ఆనించింది. చక్కగా కూర్చుంది. బొటనవేలితో అతుకు మీద రాసింది. అటూ ఇటూ తల తిప్పి చూసింది.

"బాబాయ్, ఇది చూడండి. ఎంత నున్నగా వచ్చిందో. తాడుకి వేలాడి ఇలా వేశారంటే... పన్నెండింటికీ మార్కులు వేస్తే దీనికి నూటికి నూరు వేస్తాను."

మెచ్చుకోలు కోసం ముప్పై ఏళ్లు చూశాను. ఏ ఓనరూ, ఏ ఇంజినీరూ అనలేదు. అన్న ఒక్క మనిషీ దీన్ని చూసి అంది. ఆ కొలత రేకుకి కళ్లుంటే బాగుండు అనుకున్నాను. లోపలికి చూసే మిషన్లు ఉంటాయి పెద్ద పెద్ద పనుల్లో. ఇలాంటి షెడ్లకి అవి రావు. ఇలాంటి షెడ్లకి మా మీద నమ్మకమే మిషను.

చెప్పేయాలా? చెప్తే నా సర్టిఫికెట్టు పోతుంది. పంతొమ్మిది నంబరు మీద కొట్టివేత గీత పడుతుంది. చదువుకున్నవాళ్ల తప్పుని రివిజన్ అంటారు, కొత్త కాగితం వేస్తారు. మా తప్పుకి కొత్త కాగితం లేదు. ఈ వయసులో వేరే వర్కుషాపు గుమ్మం ఎక్కితే, "నువ్వేనా రాడ్డు దాచినోడివి?" అంటారు. చెప్పకపోతే ఏమవుతుంది? మీద ఇంకో వరస పడుతుంది. పది మిల్లీమీటర్లు కనిపిస్తుంది. ఒక గాలికి ఆగుతుంది, రెండు గాలులకి ఆగుతుంది. మూడోదానికి నేనుండను. అలా నాకు నేనే చెప్పుకుంటూ దిగాను.

కింద ఆడవాళ్ల గోల వినబడుతోంది. షెడ్డు చేతికొస్తోందని తెలిసి, రేవులో ఆడవాళ్లు స్తంభాలు పంచుకుంటున్నారు. అది వాళ్ల పద్ధతి. ఒడ్డున ఇసకలో చేపలు ఎండేసే జాగా ఎలా పంచుకుంటారో అలాగే. స్తంభానికి రెండేసి కుటుంబాలు. చేపలెండే రోజుల్లో దాని చుట్టూ జాగా వాళ్లది, తుపాను రోజుల్లో పడుకునేదీ అక్కడే. చీట్లు వేశారు. మొదట ఎంచుకునే వంతు కూర్మమ్మకి వచ్చింది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని నరసన్నపేట సంతంతా తిరిగే మనిషి. బేరంలో ఆవిణ్ని గెలిచినవాడు లేడు.

నేరుగా మా దగ్గరికే వచ్చింది. ముందు ఇంజినీరమ్మని కింద నుంచి పై దాకా చూసింది.

"ఏటమ్మా, మొగోళ్లాగ ఎక్కీసినావు. పెళ్లయినాదా?"

"అవలేదమ్మా."

"అవ్వదు. నీ మొగుడు భయపడిపోతాడు." పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది, మొదటిసారి. తిరుమలరావు తీసిచ్చిన రికార్డు డ్రమ్ము మీద పరిచి, షాపు అన్నచోటల్లా కొట్టేసి సైటు అని రాయడం మొదలుపెట్టింది. చివర్న సంతకం గడి ఖాళీగా ఉంది. దాని పక్కన నా గడి.

కూర్మమ్మ నా మోచెయ్యి పట్టుకుని నాలుగు అడుగులు పక్కకి లాగింది. గొంతు తగ్గించానని ఆవిడ అనుకుంది. ఆవిడ గొంతు తగ్గిస్తే అవతలి ఒడ్డుకి మాత్రమే వినబడదు.

"తమ్ముడూ, అతికినోడివి నువ్వు. నీకు తెలుస్తాది. నాది మొదటి వంతు. నానైతే అదిగో, ఆ నాలుగోదాని మీద కన్నేసినాను. గాలి బాగా ఆడతాది, ఒక్క రోజులో సేప ఎండిపోతాది. మా కోడలికి వచ్చే నెల్లో పురుడు. తుపానొస్తే దాన్నీ పసిగుడ్డునీ దాని మొదట్లోనే పడుకోబెడతాను. స్తంభానికీ స్తంభానికీ ఉయ్యాల కట్టుకోవచ్చు. ఏటంటావు, తీసీసుకోనా?"

"ఊరి వైపు తీసుకో అక్కా. నీడ."

"నీడేటి సేసుకోను? సేపలకి ఎండ కావాల గాని."

"రెండోది తీసుకో పోనీ."

"రెండోదాని పక్కన మా వీధి దానమ్మ కూకుంటానంటన్నాది. దానికీ నాకూ మాటల్నేవు. నాలుగోదే బాగున్నాది." గంప దింపి చంకనున్న గుడ్డముక్క తీసింది, స్తంభానికి కట్టి గుర్తు పెట్టుకోడానికి. అటు నడవడం మొదలుపెట్టింది.

డ్రమ్ము దగ్గర ఆ పిల్ల పెన్ను చివరి గడి దగ్గరికి వచ్చింది. తిరుమలరావు ఫోనులో ఎవరితోనో, "అయిపోనాది, సంతకం అయిపోతన్నాది" అంటున్నాడు.

"అక్కా, ఆగు."

కూర్మమ్మ ఆగలేదు. గుడ్డముక్క స్తంభం చుట్టూ తిప్పుతోంది.

"ఆ నాలుగోది వద్దక్కా!"

నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది ఆ మాట. స్తంభాలు పంచుకుంటున్న ఆడవాళ్లంతా ఇటు తిరిగారు. తిరుమలరావు ఫోను చెవి దగ్గర్నించి దించాడు. వాడి కనుబొమ్మలు కదల్లేదు ఈసారి. కూర్మమ్మ సగం కట్టిన ముడి పట్టుకుని నన్నే చూస్తోంది.

దుర్గాభవాని పెన్ను కాగితం మీద ఆనించింది ఆనించినట్టే ఉంచి తలెత్తింది.

"ఎందుకొద్దు బాబాయ్?" అంది. "పన్నెండింట్లోనూ బాగున్నది అదే కదా?"